అర్థంకాలేదు మాస్టారు

మా పీహెచ్‌డీ గైడుకు ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఎవరేం చెప్పినా, ఎంత విడమరిచి చెప్పినా, అంతా విని తల అడ్డంగా ఊపి "నాకు అర్థం కాలేదు" అనేవారు. సిగ్గుపడుతూ కాదు, గొణుగుతూ కాదు. హాల్లో చివరి కుర్చీ దాకా వినపడేలా, ఏదో శుభవార్త చెబుతున్నంత ధీమాగా అనేవారు. అందుకే మా భౌతికశాస్త్ర విభాగంలో ఆయన అసలు పేరు జీతాల రిజిస్టరులో తప్ప మరెక్కడా వాడుకలో లేదు. అందరికీ ఆయన అర్థంకాలేదు మాస్టారే.

ఒకసారి మా ఆఫీసులో జిరాక్స్ మిషను ఒక కాగితం అడిగితే రెండు లాగడం మొదలుపెట్టింది. మెకానిక్ వచ్చి, విప్పి, బిగించి, "రోలర్ అరిగింది సార్, మార్చాల్సిందే" అన్నాడు. అటుగా వెళ్తున్న మాస్టారు ఆగిపోయారు.

"నాకు అర్థం కాలేదు. అరిగితే తక్కువ లాగాలి కదా, ఎక్కువ ఎందుకు లాగుతుంది?"

మెకానిక్ ఓపిగ్గా చెప్పాడు. మాస్టారు తల అడ్డంగా ఊపారు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ ఊపారు. మూడోసారి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, చేతిలో ఉన్న స్ప్రింగు వైపు చూసుకుని, "ఒక్క నిమిషం సార్" అన్నాడు మెకానిక్, గొంతు తగ్గించి. "పోయినసారి దీన్ని తిరగేసి పెట్టింది నేనే."

ఇంట్లోనూ ఇదే వరస. వాళ్ళావిడ పళ్ళ డాక్టరు. "మనుషుల చేత నోరు తెరిపించడం నా వృత్తి" అనేవారావిడ. "ఈయన చేత నోరు మూయించడం మాత్రం ఏ పుస్తకంలోనూ చెప్పలేదు." ఆవిడ క్లినిక్ నుంచి ఫోను చేసి "వచ్చేటప్పుడు పాలు పట్టుకురండి" అంటే, ఈయన "అర్థం కాలేదు. పాలు అయిపోయాయా, అయిపోతాయని నీ అనుమానమా?" అని అడిగేవారు. ఆ తేడా తేలేలోపు ఆవిడే వెళ్ళి పాలు తెచ్చుకుని, కాచుకుని, కాఫీ తాగేసి కూర్చునేవారు.

ఇంతకీ ఆయన పని ఏమిటో చెప్పాలి. కొన్ని రాగి కలిసిన పింగాణీ లాంటి పదార్థాలున్నాయి. వాటిని బాగా చల్లబరిస్తే వాటిలో కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. మామూలుగా ఒకదాని మొహం ఒకటి చూడని ఎలక్ట్రాన్లు అక్కడ జంటలు కట్టి తిరుగుతాయి. అదే పదార్థంలో అవే ఎలక్ట్రాన్లు ఇంకో వేషం కూడా వేస్తాయి. ఇక్కడ గుంపు, అక్కడ పల్చన, మళ్ళీ ఇక్కడ గుంపు అన్నట్టు చారలు చారలుగా సర్దుకుంటాయి. మరి ఈ జంటలకూ ఆ చారలకూ సంబంధం ఏమిటి? ముప్పై ఏళ్ళుగా ఒక నల్లబల్ల, ఒక పెన్సిలు, ఒక చెయ్యి విరిగిన కుర్చీ పెట్టుకుని మాస్టారు ఆలోచిస్తున్నది అదే. ఆయన మాటల్లో చెప్పాలంటే, "ఈ రెండూ సవతులా, తోబుట్టువులా?"

దీనిమీద ప్రసంగించడానికి ఒకసారి పెద్ద శాస్త్రవేత్త ఒకాయన నలభై ఆరు స్లయిడ్లతో వచ్చాడు. మొదటి స్లయిడు మీద ప్రసంగం పేరు తప్ప ఏమీ లేదు. 'చారలు మరియు జంటలు' అని ఉంది. మాస్టారు చెయ్యెత్తారు.

"నాకు అర్థం కాలేదండీ."

"నేనింకా మొదలుపెట్టలేదండీ!"

"అదే. ఆ 'మరియు' అర్థం కాలేదు. రెండూ ఒకేచోట ఉన్నాయనా, పక్కపక్కన ఉన్నాయనా, ఒకటి వెళ్ళాక ఇంకొకటి వచ్చిందనా?"

గంట గడిచేసరికి ఆ పెద్దమనిషి మూడో స్లయిడు మీద చెమటలు తుడుచుకుంటున్నాడు. మా క్యాంటీన్ ఆయనకు మాత్రం ఇవన్నీ కొట్టిన పిండి. సెమినారుకు టీ పంపమని చెబితే మొదట అడిగేది ఒకటే: "మాస్టారున్నారా లోపల? అయితే గంటన్నర ఆగి పొయ్యి వెలిగిస్తా."

నవ్వులాటగానే ఉన్నా, ఈ జబ్బు ఆయన్ని కొంత ముంచింది కూడా. మా దగ్గర కొత్తగా ఒక పరిశోధన కేంద్రం పెట్టినప్పుడు దానికి అధిపతిగా ఆయన్నే వేస్తారని అందరం అనుకున్నాం. డైరెక్టరు పిలిచి, "మీ దార్శనికత ఏమిటి?" అని అడిగాడట. మాస్టారు ఏం చెప్పి ఉంటారో మీకు తెలుసు. ఆ పదవి, చెప్పకముందే అన్నీ అర్థమైపోయే మరొకాయనకు దక్కింది.

నేను ఆయన దగ్గర పరిశోధక విద్యార్థిని. మొదటి ఏడాది నవ్వుకున్నాను. రెండో ఏడాది ఓర్చుకున్నాను. మూడో ఏడాదికి తల కొట్టేసినట్టుండేది. తోటివాళ్ళు పొద్దున్నే ఎదురై, "ఇవాళ మీ సార్‌కి ఏం అర్థం కాలేదు?" అని అడిగేవాళ్ళు. నేనేమో రాత్రీ పగలూ లెక్కలు కట్టి తీసుకెళ్తే, ఈయన అ ఆల దగ్గర నుంచి మొదలుపెట్టించేవారు. చివరికి తెగించి, గైడును మార్చమని అర్జీ రాసుకుని ఆయన ముందు పెట్టాను.

కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదివారు.

"'వ్యక్తిగత కారణాల వల్ల' అన్నావు. ఇది అర్థం కాలేదమ్మా."

"అంటే, కొన్ని కారణాలున్నాయి సార్."

"ఎవరి వ్యక్తిగతం? నీదా, నాదా?"

నాకు ఒళ్ళు మండింది. "మీదే సార్! నేనేం చెప్పినా అర్థం కాలేదంటారు. రేపు వైవాలో పరీక్షకుడు నన్ను నిలదీస్తే నా తరఫున ఎవరు మాట్లాడతారు?"

ఆయన "నువ్వే" అన్నారు. అని, అర్జీ కింద సంతకం పెట్టి తిరిగిచ్చేశారు. "తేదీ వెయ్యలేదు. నీకెప్పుడు కావాలంటే అప్పుడు వేసుకో తల్లీ. ఈలోగా ఏడో పేజీలో ఆ మైనస్ గుర్తు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చెప్పు."

పళ్ళు నూరుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పాను. నాలుగోసారి చెబుతుంటే నాకే తెలిసింది, మైనస్ సరైనదే గానీ దానికి నేను రాసిన కారణం శుద్ధ తప్పని. ఆ సాయంత్రం పేజీ మార్చి రాసుకున్నాను. అర్జీ సొరుగులోకి వెళ్ళింది. అలాగని కోపమేమీ పోలేదు. తప్పు దొరకడం నా అదృష్టమనీ, అడగడం ఆయన తెలివితక్కువతనమనీ అనుకున్నాను.

మరో రెండేళ్ళకు వైవా రోజు రానే వచ్చింది. నా పరీక్షకుడికి మా విద్యార్థుల్లో 'కత్తెర' అని పేరు. ఆయన చేతిలో పడ్డ థీసిస్ సగమై బయటికి వస్తుందని చెప్పుకునేవాళ్ళు. అది చాలదన్నట్టు, చారలూ జంటలూ ముమ్మాటికీ సవతులేనని ఇరవై ఏళ్ళుగా వాదిస్తున్నవాడు. నా థీసిసేమో అవి తోబుట్టువులంటుంది.

నేను పది నిమిషాలు మాట్లాడానో లేదో ఆయన చెయ్యెత్తాడు.

"చారలు బాగా బలపడిన చోట కరెంటు స్వేచ్ఛగా పారడం దాదాపు ఆగిపోతుంది. ప్రయోగాల్లో తేలిన సంగతి. ఒకటి బలపడితే రెండోది చస్తోంది. దీన్ని తోబుట్టువుల ప్రేమ అంటారా మీ ఊళ్ళో?"

హాల్లో నవ్వులు. సమాధానం నాకు తెలుసు. నూటపదో పేజీలో ఉంది. కానీ నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అర నిమిషం గడిచింది. కత్తెర పెన్ను తీశాడు. ఐదేళ్ళ చదువు గంగలో కలిసినట్టే అనుకున్నాను.

అప్పుడు వెనక నుంచి వినపడింది.

"నాకు అర్థం కాలేదు."

నాకు ప్రాణాలు పోయాయి. ఇప్పుడా!

"జంట అంటే ఏమిటమ్మా?" అన్నారు మాస్టారు లేచి నిలబడి.

హాలంతా గొల్లున నవ్వింది. కత్తెర వెనక్కి తిరిగాడు. "మీరు ఈ అమ్మాయికి గైడు కదండీ?"

"అవునండీ. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది."

నాకు సిగ్గుతో పాటు మంట కూడా పుట్టుకొచ్చింది. ఆ మంటలో నాలుక దానంతటదే కదిలింది. "జంట అంటే సార్, రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని తిరగడం" అన్నాను, చిన్నపిల్లలకు చెప్పినట్టు.

"సరే. మరి చారలంటే?"

"ఎక్కువమంది ఒక వరస, తక్కువమంది ఒక వరస. ఈ పదార్థం అంతస్తుల మేడలా ఉంటుంది సార్. ప్రతి అంతస్తులోనూ చారలుంటాయి."

"పై అంతస్తులో కూడా చారలు అదే దిక్కుగా ఉంటాయా? నాకు అర్థం కాలేదు."

"ఉండవు సార్! కింద నిలువుగా ఉంటే పైన అడ్డంగా..."

అక్కడ ఆగాను. ఇంక నన్ను ఆపడం ఎవరి తరమూ కాలేదు. గిర్రున కత్తెర వైపు తిరిగాను. "అదేనండీ మీ ప్రశ్నకు జవాబు! జంటలు చావలేదు. ఏ అంతస్తు జంటలు ఆ అంతస్తులో నిక్షేపంగా తిరుగుతున్నాయి. కింద చారలు నిలువు, పైన అడ్డం కాబట్టి ఒక అంతస్తు వాళ్ళు పై అంతస్తు వాళ్ళతో చెయ్యి కలపలేకపోతున్నారు. మనం మేడ మొత్తాన్ని బయటినుంచి చూసి లోపల ఎవరూ లేరనుకుంటున్నాం. చారలకూ జంటలకూ పుట్టిల్లు ఒకటే. ఇదిగో లెక్క."

బల్ల నిండా రాసేశాను. కత్తెర పెన్ను మూత పెట్టాడు. తీశాడు. గడ్డం గోక్కున్నాడు. చివరికి, "ఆ రెండో వరుస... నాకు సరిగ్గా అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి" అన్నాడు.

వెనక మాస్టారు హాయిగా కూర్చుని, కాళ్ళు చాపుకున్నారు.

వారం తర్వాత పరీక్షకుడి నివేదిక వచ్చింది. దానిమీద గైడు సంతకం కావాలని ఆయన గదికి వెళ్ళాను. ఆయన లేరు. కాగితం పెట్టడానికి బల్ల మీద చోటు చేస్తుంటే అరచేతంత నోటు పుస్తకం ఒకటి జారి కిందపడి తెరుచుకుంది. తీసి మూసేద్దామనే అనుకున్నాను. కానీ కంటపడింది చదవకుండా ఉండలేకపోయాను.

ప్రతి పేజీలోనూ సెమినారు తేదీ, అడిగిన ప్రశ్న, దాని పక్కన చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉన్నాయి.

'మరియు' అంటే? — మూడో వరుస, నీలం స్వెటర్ అమ్మాయి. పక్కవాణ్ణి అడిగింది, వాడు కసిరాడు.

ఉష్ణోగ్రత ఏ కొలమానంలో? — కిటికీ పక్క కొత్తతను. అందరూ నవ్వుతారని పెన్ను కొరుకుతున్నాడు.

జంట అంటే? — మా అమ్మాయి. నోరు పెగల్లేదు. తేలికది అడిగితే మిగతాది తనే చెబుతుంది.

అలా పేజీలకు పేజీలు. వాటిలో నా మొదటి ఏడాది తేదీలూ ఉన్నాయి. ఆ రోజుల్లో ఆయన అడిగిన 'తెలివితక్కువ' ప్రశ్నల వల్లే నాకు సగం పాఠాలు తలకెక్కాయని అప్పుడు తట్టింది. చాలా ప్రశ్నల పక్కన ఉన్నది నేనే. ఎవరి పేరూ లేని ప్రశ్నలు కూడా కొన్ని ఉన్నాయి. వాటి పక్కన 'నాకే అర్థం కాలేదు' అని రాసుంది.

మాస్టారు వచ్చేసరికి నేను పుస్తకం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. ఆయన చూసి, దొంగతనం బయటపడినవాడిలా మొహం పెట్టి, పుస్తకం లాక్కుని జేబులో వేసుకున్నారు.

"సార్, నివేదికలో ఒక తప్పుంది. పరీక్షకుడికి ఉత్తరం రాసి దిద్దిస్తాను" అన్నాను.

"ఏం తప్పు? నిన్ను పాస్ చెయ్యలేదా?"

"చేశారు. కానీ చివర్లో ఇలా రాశారు. 'గైడుగారికి ఈ విషయంలో కనీస పరిజ్ఞానం కూడా ఉన్నట్టు లేదు. ఎవరి సహాయమూ లేకుండా ఈ విద్యార్థిని ఇంత సాధించడం ఆమె అసాధారణ ప్రతిభకు నిదర్శనం.'"

మాస్టారు కాగితం తీసుకుని ఒకసారి చదివారు. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివారు. మొహం చాటంత అయింది.

"ఇలా రాసిచ్చాడా! పిచ్చిదానా, దిద్దిస్తానంటావేమిటి? ఇది పట్టుకుని ఎక్కడికి వెళ్ళినా నీకు ఉద్యోగం ఇవ్వకుండా ఉండగలరా? ముట్టుకున్నావంటే ఊరుకోను." అని గబగబా సంతకం పెట్టి, ఈసారి తేదీ కూడా వేసి, నేను లాక్కుంటానేమోనని కాగితం రెండు చేతులతో పట్టుకుని, ఫోను భుజానికి ఇరికించుకుని ఇంటావిడను పిలిచారు. ఆ వాక్యం మొత్తం, 'కనీస పరిజ్ఞానం' దగ్గర ఒత్తి మరీ, ఆనందంగా చదివి వినిపించారు.

అవతలి నుంచి ఆవిడ గొంతు నాకు కూడా స్పష్టంగా వినపడింది.

"ఆ మాత్రం దానికి అంత దూరం నుంచి పరీక్షకుణ్ణి పిలిపించాలా? నన్నడిగితే పెళ్ళయిన వారానికే రాసిచ్చేదాన్ని కదండీ!"