ఆ సీసా నాదే

అల్ఫారెట్టా ఊరి తెలుగు మగవాళ్లు చెవిలో కూడా చెప్పుకోని సంగతిని తిరుపతయ్య గారు మైకు లేకుండానే అందరికీ వినిపించేవారు. డెబ్భై రెండేళ్ల రిటైర్డ్ ఇంజనీరు ఆయన. ఘనా నుంచి వచ్చిన కోజో కొట్లో, కందగడ్డల వెనక అరలో, చేదు వేర్ల కషాయం సీసాలుండేవి. మగతనానికి పశ్చిమ ఆఫ్రికాలో తాతల నాటి మందు అది. మిగతావాళ్లు ఆ అర వైపు చూడటానికే జంకితే, ఈయన నెలనెలా రెండు సీసాలు చంకలో పెట్టుకుని దర్జాగా బయటికొచ్చేవారు.

"ఈ వయసులో ఇంకా ఎందుకండీ?" అని పాట్‌లక్ విందులో వసుమతి గారు అడిగితే, "వయసుకి కాదమ్మా, ఉత్సాహానికి!" అనేవారు. ఆయన భార్య లీలావతి గారు, "మా ఇంట్లో ఉప్పు నిండుకున్నా ఆ సీసాలు మాత్రం నిండుకోవు" అంటూ పులిహోర వడ్డించేవారు. ఒకసారి గుడి పార్కింగ్‌లో ఎవరి సంచిలోంచో అలాంటి సీసా జారి దొర్లుకుంటూ పోయింది. ఈయన పంచె ఎగగట్టి, "నాదే, నాదే!" అంటూ దాని వెంట పరుగెత్తారు.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు శ్రీహర్ష. ఆ నవ్వు తన ఇంటి దాకా వచ్చేసరికి ఆగిపోయింది. పెళ్లై రెండేళ్లు. ఎనిమిది నెలలుగా డెడ్‌లైన్లని వంక పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు.

"నేనంటే ఇష్టం లేకపోతే చెప్పెయ్ హర్షా. దేశానికి అటు చివర బాతెల్‌లో జాబ్ ఆఫర్ వచ్చింది. ఫ్రైడే లోపు యాక్సెప్ట్ చెయ్యాలి" అంది భార్య నమ్రత.

ఇష్టం లేక కాదు, ఒళ్లు సహకరించకే అలా తప్పించుకుంటున్నాడు. గురువారం కోజో కొట్టుకెళ్లి సీసా తీశాడు.

"డాక్టర్‌కి చూపించావా? బీపీ మందులేమైనా వాడుతున్నావా? మా తాత ఇవన్నీ అడగకుండా ఆకు కూడా ఇచ్చేవాడు కాదు" అన్నాడు కోజో, కొట్టంతా వినపడేలా.

సరిగ్గా అప్పుడే అరటికాయల కోసం వసుమతి గారు తలుపు తోసుకొచ్చారు. ఆవిడకి తెలియడమంటే వాట్సాప్ గ్రూపులన్నిటికీ తెలియడమే. శ్రీహర్ష సీసాని వీపు వెనక దాచబోయాడు.

"ఏమయ్యా హర్షా!" కందగడ్డల వెనక నుంచి తిరుపతయ్య గారి గొంతు. "రెండు తెమ్మంటే ఒకటే తీశావేం? నా కోటాకే కోత పెడతావా?"

"మీరు మారరు! పాపం, పిల్లాడితో కూడా మోయిస్తున్నారా?" అని వసుమతి గారు పడీపడీ నవ్వారు.

ఇద్దరూ కార్లో కూర్చున్నాక శ్రీహర్ష అడిగాడు. "అంకుల్, మీకెలా తెలిసింది?"

"సీసా కన్నా తలుపు వైపే ఎక్కువ చూశావు."

"మరి మీరు కొనేవన్నీ..."

"ఒక్కదాని మూత కూడా తియ్యలేదయ్యా. నాకు బీపీ, కోజో తాగనిస్తాడా? ముందు తలుపులోంచి ఇస్తాడు, వెనక తలుపులోంచి పుచ్చుకుంటాడు. ఆరేళ్లుగా అవే రెండు సీసాలు! నా పేరు ఎలాగూ పోయింది, మీలాంటివాళ్లు వాడుకోండి. డాక్టర్ దగ్గరికి నేను తోడొస్తా. ముందు నమ్రతకి చెప్పు. తప్పు తనదనుకుంటూ ఉంటుంది ఆ పిల్ల."

ఆ సాయంత్రమే చెప్పాడు. "ఎనిమిది నెలలు అద్దం ముందు నిలబడి నాలో లోపాలు వెతుక్కున్నాను, తెలుసా?" అని నమ్రత ఏడ్చింది, తిట్టింది, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. శుక్రవారం బాతెల్‌కి నో చెప్పేసింది. డాక్టర్ షుగర్ ఉందని తేల్చి మాత్రలు రాశాడు.

ఏడాది తర్వాత ఇద్దరూ కోజో కొట్లో కూరలు ఏరుతున్నారు. వెనక అర దగ్గర కొత్తగా పెళ్లైన అఖిల్, చేతిలో సీసా, చూపు తలుపు మీద. తలుపు తోసుకుని వసుమతి గారు. తిరుపతయ్య గారేమో ఊళ్లో లేరు, కాపెల్‌లో కూతురింట్లో ఉన్నారు.

శ్రీహర్ష గొంతు సవరించుకున్నాడు. "అఖిల్! ఆ సీసా నాదే, ఇటు తే!"

వసుమతి గారు నోరు తెరిచేలోపే నమ్రత అందుకుంది. "ఒకటేం సరిపోతుంది? రెండు తెమ్మను!"

కోజో నవ్వుకుంటూ, లేబుళ్లు వెలిసిపోయిన పాత సీసాలు రెండూ సంచిలో వేసిచ్చాడు.