నెష్ అనే మాటకు మిగిలిన ఒక్క మనిషి

మా సారు పోయారన్న కబురు ఇక్కడ గల్ఫ్‌లో, జిదాఫ్స్ కూరగాయల బజారులో తెలిసింది. ఆయన కారు నడిపే కరీంనగర్ తమ్ముడు వెతుక్కుంటూ వచ్చి, "అక్కా, సారు పోయిండు. పొద్దుగాల ఆస్పత్రిలనే పానం ఇడిసిండు," అన్నాడు. టమాటాల సంచీతోనే ఆ కారెక్కాను.

కువైట్ యుద్ధం సద్దుమణిగిన ఏడాది నుంచి, అద్లియాలో ఆ ఇంగ్లీషు ముసలాయన ఇంట్లో వంట చేశాను. బడిపంతులు. రిటైరయ్యాక కూడా తన దేశం వెళ్లలేదు. "అక్కడ నా మాట వినేవాళ్లు ఎవరున్నారు?" అనేవారు. పదో తరగతి తప్పినదాన్ని, నేనేం వింటానని! అయినా వినిపించేవారు.

వాళ్లమ్మ ఊరి పాతకాలం మాటలను అట్టముక్కల మీద రాసి పెట్టెలో దాచేవారు. ప్రాణమంతా ఒక్క మాట మీదే: నెష్. చలికి ఓర్చుకోలేనివాళ్లను అలా అంటారట. ఏసీకి నేను శాలువా కప్పుకుంటే "నెష్!" అని వెక్కిరించేవారు. పూర్వం ఆ మాటకు మెత్తనిదని, లేతదని అర్థమట. వెయ్యేళ్ల కిందట ఆ మాటకు ముందు ఒక 'హ' కూడా పలికేవారట. "మా వైపు మెతక మనిషి అంటామండి," అన్నాను. టీ చల్లారిపోయేదాకా అదే రాసుకున్నారు.

ఆయనకో పద్ధతి ఉండేది. తనకు తెలిసినవాళ్లలో, చిన్నప్పుడే తమ ఇంట్లో విని ఆ మాటను ఇంకా పలికేవాళ్ల పేర్లే అట్ట వెనక రాసేవారు. ఎవరైనా పోయినట్టు ఉత్తరం వస్తే ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. నా కళ్ల ముందే పేర్లు ఒక్కొక్కటిగా పోయాయి. కిందటేడు వాళ్లక్క పేరు కూడా కొట్టేశాక, నెష్ అట్ట మీద ఆయన పేరొక్కటే మిగిలింది.

ఆయన మొహం చూడలేక, "నా పేరు రాయండి సారూ, నాకూ వచ్చు కదా," అన్నాను.

"నువ్వు నా దగ్గర నేర్చుకున్నావమ్మా. అబద్ధం రాయలేను."

ఆ మొండితనం మీద నాకిప్పటికీ కోపమే.

ఇల్లు ఖాళీ చేసే రోజు, ఇంటి యజమాని మనుషులు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కాగితాలన్నీ చెత్త లారీకెత్తారు. పెట్టె నాకిమ్మంటే ఒకడు "ఖలాస్" అని చెయ్యి ఊపాడు. నెష్ అట్టనూ, ఆయన ఎర్ర పెన్సిలునూ మాత్రమే చున్నీ కింద దాచగలిగాను.

ఖాళీ వంటగదిలో నిలబడి దాన్ని తిప్పాను. నా పేరు రాసుకుంటే ఎవరు అడ్డం? రాయలేకపోయాను. ఎర్ర పెన్సిలు తీసుకుని, ఆయన పద్ధతి ప్రకారమే, ఆయన పేరు మీద గీత గీశాను. గీత వంకరపోయింది. పేరు ఇంకా చదవడానికి వస్తూనే ఉంది.