మా మామ తుపాకి, చచ్చిన కౌజుపిట్ట

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. కొత్తకోడలిగా గూడూరు దిక్కు వచ్చినప్పుడు శ్మశానం పక్క చెలకలో ఒంటరిగా కంది కోసి వస్తే, ఊరి ఆడవాళ్లు నన్ను వింతగా చూసేవాళ్లు. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు నవ్వేది నేనే. అందుకే ఈ ఒక్కటి చెప్పడానికి ఇన్నేళ్లు సిగ్గుపడ్డాను.

మా మామకు వేటంటే ప్రాణం. ఒకప్పుడు దొర వేటకు పోతే తుపాకి మోసేవాడు. దొర ముచ్చటపడి ఓ పాతది ఇచ్చాడు. ఇరవై ఎనిమిది బోరు, ఒంటి గొట్టం, నా బొటనవేలు కూడా దూరదు. దాంతో పిట్టలు తప్ప ఏమీ పడవు. నిజం చెప్పాలంటే, మామ చేతిలో పిట్టలు కూడా అంతంతమాత్రమే. ఆ మాట ఆయన ముందంటే ఆ పూట అన్నం తినేవాడు కాదు.

ఆయనకు దీమం పిట్ట ఒకటుండేది. కౌజుపుంజు. వెదురు బోనులో పెట్టి పొదల దగ్గర ఉంచితే కూసేది, ఆ కూతకు అడవి కౌజులు వచ్చేవి. దీమం నోరు తెరిచిందంటే వేటగాడు తుపాకితో సహా దాక్కోవాలి, ఉలకకూడదు, పలకకూడదు. మామ ముప్పై ఏళ్లు తప్పకుండా పాటించిన నియమం అదొక్కటే. మా పిట్టకు ఓ అవలక్షణం ఉంది. మూడో కూతలో చివరి ముక్క మింగేసేది, గొంతులో గింజ అడ్డం పడ్డట్టు. పిల్లలు దాన్ని వెక్కిరించేవాళ్లు.

ఇంతలో దొరల మీద సంఘం చేసిన పోరాటం రోజులొచ్చాయి. దొర పట్నం పారిపోయాడు. తుపాకులుంటే ఠాణాలో అప్పగించాలని పోలీసులు చాటింపు వేశారు. దాచినవాళ్లను సంఘపోళ్లేనని కట్టేసి తీసుకుపోతున్నారు. పక్కూరి నుంచి అలా పోయిన ఇద్దరు తిరిగి రాలేదు. సంఘం వాళ్లు కూడా ఓ రోజు వచ్చి తుపాకి చూశారు. "గిదేంది పెద్దయ్యా, గింత సన్నగున్నది! నీ దగ్గర్నే ఉండనీ" అని నవ్వుతూ పోయారు. మామ వారం రోజులు ఆ అవమానం మరవలేదు. అప్పగించమని మేమెంత బతిమాలినా వినక, ధాన్యం గుమ్మిలో దాచాడు.

ఆ ఎండాకాలం పిట్ట చచ్చిపోయింది. నేనే నా చేతులతో పెరట్లో పాతిపెట్టాను. ఖాళీ బోను చూరుకు వేలాడుతూ ఉండిపోయింది.

నెల తర్వాత ఓ పొద్దున మా ఆయన మానుకోట పోయాడు. మామ ఆగలేక తుపాకి బయటికి తీసి, వాకిట్లో కూర్చుని నూనె పెడుతున్నాడు.

"తుప్పు పడ్తది బిడ్డా, జరసేపే" అన్నాడు.

నేను బియ్యం చెరుగుతున్నాను. అప్పుడు నా నెత్తి మీద, ఖాళీ బోనులోంచి కూత వచ్చింది. మూడుసార్లు. మూడోసారి చివరి ముక్క మింగేసింది.

నేను కొయ్యబారిపోయాను. మామ మాత్రం ఆలోచించనే లేదు. తుపాకి చంకన పెట్టుకుని గడ్డివాములో దూరాడు. గడ్డి కదలిక ఆగీ ఆగకముందే నలుగురు పోలీసులు వాకిట్లోకి వచ్చారు. నాకేమీ తోచక నూనె గిన్నె తీసుకుని తలకు రాసుకుంటూ నిలబడ్డాను.

ముందు గుమ్మినే కుమ్మరించారు. ఆ పొద్దున తుపాకి అందులోనే ఉంటే మా పని అయిపోయేది. ఒకడు గడ్డివాములో కట్టె గుచ్చాడు, రెండుసార్లు. వాము మాత్రం కదల్లేదు.

పోతూ పోతూ ఒక జవాను బోను కింద ఆగాడు.

"పిట్టేది?"

"సచ్చిపోయి నెలైంది దొరా."

లోపలికి తొంగి చూశాడు. "మరి మేం బయట ఉన్నప్పుడు కూసిందేంది?"

నన్నోసారి, బోనునోసారి చూసి గబగబా వెళ్లిపోయాడు.

చాలాసేపటికి మామ బయటికొచ్చాడు. జుట్టంతా గడ్డి. కట్టె చెవి పక్కనే దిగిందట.

"ఎన్ని పిట్టలొచ్చినయి బిడ్డా?"

"నాలుగు మామా."

ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. తర్వాత ఆయన నవ్వు ఆగింది, నీళ్లు ఆగలేదు.

"దాని జాతినంత దానితోనే పిలిపిచ్చి సంపిన. నన్నెందుకు కాపాడింది?"

ఆ సాయంత్రం తుపాకిని తన చేత్తోనే పాడుబావిలో వేశాడు. మళ్లీ వేటకు పోలేదు.

అడవి పిట్టేదో చూరు మీద కూసి ఉంటుందని మా ఆయన అనేవాడు. కావచ్చు. కానీ చివరి ముక్క మింగే పిట్ట కూత అంతకుముందు గానీ, ఆ తర్వాత గానీ నేను మరొకటి వినలేదు.