అక్క నడకకి బావ ఎంచిన ఫ్లాస్కు

మా బావకి గోరువెచ్చగా ఉన్నదేదీ గిట్టదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా పాల డెయిరీలో పరీక్షలు చేస్తున్న మనిషి. తెల్లవారేసరికి లారీలు వస్తాయి, క్యాన్ల మూతలు తీస్తారు, ఈయన ఒక్కో దాంట్లో థర్మామీటర్ ముంచి చూస్తాడు. చల్లగా ఉంటే లోపలికి, కాస్త వెచ్చబడితే వెనక్కి. "గోరువెచ్చటి పాలంటే పురుగులకి విందు భోజనం. పాలు మంచులా ఉండాలి, లేదా పొగలు కక్కాలి. మధ్యలో ఉన్నవి పారబోయాల్సిందే" అనేవాడు. డ్రైవర్లు బతిమాలేవాళ్ళు, తిట్టేవాళ్ళు, ఏదీ ఈయన చెవికెక్కేది కాదు. వాళ్ళే ఆయనకి డిగ్రీల బాబు అని పేరు పెట్టారు. మేం ఇంట్లో డిగ్రీల బావ అనేవాళ్ళం, చదివింది పన్నెండో తరగతే అయినా.

నాకూ ఆయనకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఆయన పలకరింపు కూడా పరీక్షలాగే ఉండేది. మా ఇంటికొస్తే ముందు ఫ్రిజ్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసేవాడు. పిల్లలు లేరు. మా అక్కతో ఇరవై నాలుగేళ్ళ కాపురంలో తన చేత్తో ఆమెకి ఒక దువ్వెన కొనిచ్చిన పాపాన పోలేదు. డబ్బు చేతిలో పెట్టి "నీకు నచ్చింది కొనుక్కో" అనేవాడు. చెడ్డవాడు కాదు. తనకి తెలియని పనిలో వేలు పెట్టడానికి భయం, అంతే. ఈ ముక్క నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అక్క గొంతులో గడ్డ బయటపడింది. ముందు రేడియేషన్ కరెంటు పెట్టారు. గడ్డ కాస్త తగ్గింది గానీ నోరంతా పుళ్ళు. మనిషి పుల్లలా అయిపోయింది. పెద్ద డాక్టరు గారు మమ్మల్ని ముగ్గుర్నీ కూర్చోబెట్టి తేల్చి చెప్పారు. "ఆపరేషన్ చేస్తే బతుకుతుంది. కానీ ఈ బరువుతో బల్ల మీద పడుకోబెట్టలేను. ఇప్పుడు నలభై ఒకటి ఉంది. ఐదు వారాల్లో నలభై ఐదు చేసి తీసుకురండి."

ఇంట్లో ఉంటే అక్కకి ఒక్క ముద్ద దిగేది కాదు. వంటింటి వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. పొద్దున్నే పార్కు దాకా నడిచి, గాలి తగిలితే మాత్రం కాస్త ఆకలి వేసేది. అందుకని నర్సమ్మ ఒక ఉపాయం చెప్పింది: "రోజూ గంటన్నర నడిపించండి, మధ్యమధ్యలో ఆగి పాలు తాగించండి, ప్రోటీన్ పొడి కలిపి." అంటే పాలు పట్టుకెళ్ళాలి. అంటే ఫ్లాస్కు కావాలి. ఆ మాట వినగానే మా బావ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆ జబ్బు మొదలైన దగ్గర్నుంచి ఆయనకి తెలిసిన విషయం ఒకటి రావడం అదే మొదటిసారి.

ఇంట్లో ఉన్న పాత గాజు ఫ్లాస్కుతో మొదలుపెట్టాడు. సాయంత్రానికి బజారు నుంచి రెండు స్టీలువి తెచ్చాడు. డెయిరీలో ఒకాయన్ని అడిగి నాలుగోది పట్టుకొచ్చాడు. నాలుగింటినీ భోజనాల బల్ల మీద వరసగా నిలబెట్టి, మరుగుతున్న నీళ్ళు పోసి, అరగంటకోసారి మూత తీసి థర్మామీటర్ ముంచేవాడు. పాత క్యాలెండర్ వెనక గళ్ళు గీసి అంకెలు రాసేవాడు. ఇంట్లో ఉంచి చూస్తే లెక్క సరిగ్గా రాదని డాబా మీద గాలిలో పెట్టి చూశాడు. అదీ చాలక, నాలుగూ సంచిలో వేసుకుని పార్కు దాకా తనే నడిచాడు. అదీ అక్క నడిచే నడకే. ఆమె ఎక్కడెక్కడ ఆగుతుందో అక్కడక్కడ ఆగి, ఏ బెంచీ మీద ఎంతసేపు కూర్చుంటుందో అంతసేపు కూర్చుని మరీ వచ్చాడు.

"ఫ్లాస్కు కొంటున్నావా బావా, సంబంధం చూస్తున్నావా?" అన్నాను నేను.

"నువ్వు నోరు మూసుకో మరదలా. దీని రబ్బరు వదులుగా ఉంది, అరగంటకి పది డిగ్రీలు పోతున్నాయి" అన్నాడు తలెత్తకుండా.

అలా తొమ్మిది రోజులు గడిచాయి. చివరికి గెలిచింది బజారు నుంచి తెచ్చిన వాటిలో లావుపాటిది. గంటన్నర తర్వాత కూడా ఎనభై రెండు డిగ్రీలు. అక్క సోఫాలో పడుకుని ఆయన్నే చూస్తోంది. పెళ్ళినాటి ఫొటోలో కూడా మా అక్క ముఖం అంత వెలగలేదు.

పదో రోజు నుంచి ఫ్లాస్కుతో నడక మొదలైంది. బావ డ్యూటీకి వెళ్ళే ముందు పాలు మరిగించి, పొడి కలిపి, వడగట్టి, ఫ్లాస్కు నింపి, "చల్లారనివ్వకు, వేడిగానే తాగు" అని చెప్పి వెళ్ళేవాడు. మధ్యాహ్నం వచ్చి ఫ్లాస్కు తలకిందులు చేసి చూసేవాడు. చుక్క ఉండేది కాదు. నోటు పుస్తకంలో అర లీటరు అని రాసుకునేవాడు. బరువు చూద్దామంటే అక్క ఒప్పుకునేది కాదు. "రోజూ తూచడానికి నేనేమైనా క్యాన్‌నా? ఆస్పత్రిలోనే చూద్దురు గానీ" అనేది. ఖాళీ ఫ్లాస్కు చూసుకుని ఆయన ధైర్యంగా ఉండేవాడు.

ఒక వారం తర్వాత అక్కకి తోడుగా నేనూ పార్కుకి వెళ్ళాను. నేను పని చేసే మందుల షాపు పదింటికి గానీ తెరవరు. అక్క బెంచీ మీద కూర్చుని మూత తీసింది. గుప్పున ఆవిరి వచ్చింది. కప్పులో పోసుకుని, పెదవికి ఆనించి, దించేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు ఆగితే పైన మీగడ కట్టింది. అది చూడగానే ముఖం పక్కకి తిప్పుకుని డోకింది. తర్వాత లేచి, కప్పులోవీ ఫ్లాస్కులోవీ మొక్కల్లో పోసేసింది.

కప్పు ఆమె చేతిలోంచి లాక్కున్నాను. "నీకేమైనా పిచ్చా? నోరంతా పుళ్ళు పెట్టుకుని ఆ సలసల కాగే పాలేంటి? ఇవాళే బావకి చెప్తాను" అన్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "వద్దే. నా మీద ఒట్టు. ఆయన నాకోసం తొమ్మిది రోజులు తిరిగారే. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చూశావా? ఇప్పుడు ఇది పనికిరాలేదని చెప్తే ఆ మనిషి ఏమైపోతాడు?"

నేను చెప్పలేదు. మర్నాటి నుంచి మా ఇంట్లోనే పాలు గోరువెచ్చగా చేసి, వడగట్టి, సీసాలో పోసి తెచ్చాను. మూడు రోజులు తాగింది, రెండేసి కప్పులు. నాలుగో రోజు షాపులో సరుకు లెక్క చూడాలని పొద్దున్నే రమ్మన్నారు. ఆ లెక్క రెండు వారాలు పట్టింది. "నువ్వు వెళ్ళవే, నేను ఇంట్లోనే చల్లార్చుకుని తీసుకెళ్తాలే" అంది అక్క. నమ్మాను. పాల వాసనకి ఇంట్లో నిలబడలేని మనిషి ఎలా చల్లార్చుకుంటుందని అడగలేదు. నమ్మితే నాకు సుఖం కాబట్టి నమ్మాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఐదు వారాలు నిండాయి. ఆస్పత్రిలో తూకం మీద నిలబెట్టారు. ముప్పై ఎనిమిదిన్నర.

బావ తూకాన్ని తట్టి మళ్ళీ చూడమన్నాడు. ఇంకో గదిలో ఉన్న తూకం మీద ఎక్కించాడు. అక్కడా అంతే. నోటు పుస్తకం తీసి డాక్టరు గారి ముందు పెట్టాడు. "రోజూ అర లీటరు తాగింది సార్. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఇదిగో, చూడండి." డాక్టరు గారు ఆ పుస్తకాన్ని మర్యాదగా రెండు పేజీలు తిప్పి తిరిగి ఇచ్చేశారు. బావ అక్కని చక్రాల కుర్చీలో బయటికి తీసుకెళ్ళాక, నాతో మెల్లగా అన్నారు: "ఇంకేం చెయ్యలేమమ్మా. నలభై మూడున్నా నేను ధైర్యం చేసేవాణ్ణి."

వరండాలో బావ ఆ అంకెలన్నీ మళ్ళీ కూడుతున్నాడు, తప్పెక్కడ వచ్చిందో చూడటానికి. ఇక నావల్ల కాలేదు. చెప్పేశాను. పుళ్ళు, మీగడ, మొక్కలు, అన్నీ. అంతా విని, "ఎనభై రెండు" అన్నాడు. నోటు పుస్తకం మూసేసి మళ్ళీ, "పచ్చి పుండు మీద ఎనభై రెండు" అన్నాడు. తర్వాత వెళ్ళి అక్క కుర్చీ ముందు నేల మీద కూలబడ్డాడు.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

అక్క గొంతు అప్పటికే గాలిలా వస్తోంది. "అది భుజాన వేసుకుని నడుస్తుంటే ఎంత బావుండేదో మీకేం తెలుసండీ" అంది. మా బావ అందరి ముందూ భోరుమని ఏడ్చాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూసి వెళ్ళారు.

ఆ తర్వాత ఆయన డెయిరీకి వెళ్ళలేదు. పాలు చల్లార్చి, తన నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూసి, చెంచాతో పట్టేవాడు. నాలుగు చెంచాలు దిగేవి, తర్వాత మూడు, తర్వాత ఒకటి. పదహారో రోజు మా అక్క పోయింది.

నెల దాటాక ఒక రోజు బావ మందుల షాపుకి వచ్చాడు. కౌంటర్ ముందు నలుగురు ఉంటే వాళ్ళ వెనక నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, "నీకు ఎప్పుడు తెలిసింది మరదలా?" అని అడిగాడు.

"ఆస్పత్రిలో తూచడానికి పంతొమ్మిది రోజుల ముందు" అన్నాను.

వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "ఆ పంతొమ్మిది రోజులు నేను సరిగ్గా పట్టి ఉంటే సరిపోయేదా?"

సరిపోయేదేమో. రెండు కిలోలంటే కొండేమీ కాదు. మూడు రోజులు మా అక్క నా ముందే రెండేసి కప్పులు తాగింది. "సరిపోయేది కాదు బావా. డాక్టరు గారే అన్నారు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "నిన్ను నేనేమీ అననే. నువ్వైనా నాకు నిజం చెప్పు."

మళ్ళీ అదే చెప్పాను. ఆయన తలూపి, వెనక వాళ్ళకి దారి ఇచ్చి వెళ్ళిపోయాడు.