కాక ముట్టని మైకు

మొన్న నస్పూర్ కాలనీలో గని యూనియన్ ఎన్నికల ప్రచారానికి తిరుగుతున్న ఒక కుర్ర నాయకుడు, నేను పేపర్లో పనిచేసినవాణ్ణని తెలిసి ఇంటికి వచ్చాడు. "సార్, లీడర్లల్ల మళ్ల నీతి రావాలె అని జర గట్టిగ ఒక కరపత్రం రాసియ్యుండ్రి" అన్నాడు. మంచి పిల్లవాడే. చాయ్ ఇచ్చి, రాస్తానన్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే మా కాక గుర్తొచ్చి కలం కదల్లేదు.

కాక అంటే మా నాన్న తమ్ముడు; నాన్నను బాపు అనేవాళ్లం. ఇద్దరిదీ ఒకే గని, ఒకే షిఫ్టు. కాక అక్కడ యూనియన్ కార్యదర్శి. లోపల కొత్తగా తవ్విన చోట పైకప్పుకు ఆసరాగా కర్రలు నిలబెట్టాక, అధికారులు సరేనన్నా సరే, కార్యదర్శి ఒక్కడే ముందుగా పోయి ఆ కప్పు కింద కూర్చుని డబ్బా విప్పి తినాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు అడుగుపెడతారు. ఎవరు పెట్టిన ఆనవాయితీయో తెలియదు. కాక డబ్బాలో ఎప్పుడూ జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. "గిదే ఆఖరి బువ్వయితే ఎట్లనే? జర మాంసం కూరన్న వెయ్యరాదు" అని చిన్నమ్మను ఆటపట్టించేవాడు. ఆమె ఒక్కనాడూ నవ్వేది కాదు.

ఒకసారి కాక డబ్బా విప్పకుండానే వెనక్కి వచ్చేశాడు. "పైన మంచిగ లేదు. నేను కూసోను, మీరూ పోవద్దు" అన్నాడు. అక్కడ పని ఆగిపోయింది. ఆ చోటు మూసేస్తే సగం మందిని దూరపు గనికి పంపుతారని అందరికీ భయం. క్వార్టర్లు, పిల్లల బడులు అన్నీ చెదిరిపోతాయి. అన్నేళ్లు నమ్మినవాళ్లే వెక్కిరించడం మొదలుపెట్టారు. "లీడర్ సాబుకు పానం తీపయింది" అన్నాడొకడు. అందరికంటే గట్టిగా నవ్వింది మా బాపే. "చిన్నప్పుడు వాగుల దిగనీకి గూడ గిట్లనే ఏడ్సెటోడు" అన్నాడట.

ఆ వెంటనే వచ్చిన యూనియన్ ఎన్నికల్లో కాక ఓడిపోయాడు. బాపు కూడా ఆయనకు ఓటు వెయ్యలేదని ఇంట్లో అందరికీ తెలుసు. గెలిచినవాడు గని పైనే నిలబడి మైకు పట్టుకుని, లోపల అంతా భద్రమని చెప్పాడు. ఈసారి ఎవరూ ముందు పోయి కూర్చోలేదు. అందరూ కలిసే ఆ చోటికి వెళ్లారు. కప్పు కూలింది. మధ్యాహ్నానికి బాపును పైకి తెచ్చారు. గుర్తుపట్టింది కాకే.

సంతాపసభ రోజున కాక వెంట తిరిగిన పాత మనుషులు మా వాకిట్లో చేరారు. "అన్నా, ఒక్క మాట మాట్లాడు. గా గెలిచినోడు మళ్ల లేవడు" అన్నారు. కాక మా అమ్మ వైపు చూశాడు. "మా అన్న శవం మీద నిలవడి ఓట్లడుగుమంటరా? సభకొస్త. మైకు ముట్ట" అన్నాడు. అన్నట్టే వెళ్లి, చివరి వరసలో కూర్చుని వచ్చాడు. కొత్త నాయకుడే బాపు ఫొటోకు దండ వేసి, ఆయన త్యాగం గురించి చాలాసేపు మాట్లాడాడు. తర్వాతి ఎన్నికల్లోనూ అతనే గెలిచాడు. ఆ మరుసటి ఏడు అదే గనిలో, అదే తీరుగా మరో ఇద్దరు పోయారు.

అప్పటికి పేపర్లో చేరాను కనుక ఆ వార్త రాసింది నేనే. కాక అది చదివి, పేపర్ మడిచి పక్కన పెట్టాడు. "గా దినం నేను మాట్లాడేదుండెనారా?" అని అడిగాడు. "ఏమో కాకా" అన్నాను. నోరు మూసుకోవడం నీతా, నోరు తెరవడం నీతా అన్నది కొన్నాళ్లు పోతే తేలుతుందనుకున్నాం ఇద్దరం. తర్వాత ఆ గని మూతపడింది, కాక పోయాడు. కాలం తన దారిన తాను గడిచిందే తప్ప, ఆయన అడిగినదానికి బదులు చెప్పలేదు.