సుజాత కోసం మూడు బళ్లు తిరిగిన రోజు

డెబ్బైల మొదట్లో మా ఆయనకు పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో ఫిట్టరు పని దొరికింది. ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్నది మా అమ్మాయి బడిని బట్టి తేలాలి. సుజాతకు ఎనిమిదేళ్లు. ఒకసారి జ్వరమొచ్చి తగ్గాక కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమ చెవి సగమే వినిపిస్తుంది. పాత ఊళ్లో పంతులు అది పొగరనుకుని రోజూ నిలబెట్టేవాడు. అక్కడ చివరి మూడు నెలలు పిల్ల బడిలో నోరు విప్పలేదు. ఈసారి కూడా తప్పు బడిలో వేస్తే చదువే మానేస్తుందేమోనని నా భయం. ఆయనకు సెలవు దొరకలేదు. జులైలో ఒక సోమవారం నేనే దాన్ని వెంటబెట్టుకుని బయలుదేరాను. బళ్ల పేర్లు రాయను. పిల్లలతో ఇలా తిరగబోయేవాళ్లకు దారీ వేళా తెలిస్తే చాలు.

తొమ్మిదింటికి పటాన్‌చెరులో బస్సు దిగాం. మొదటి బడి బొంబాయి రోడ్డుకు ఆనుకుని ఉంది. మూడో తరగతిలో పిల్లలు కాలు చాపే చోటు లేకుండా కూర్చున్నారు. పెద్దసారు మంచివాడు. "ముందట కూసోబెడ్త గానీ అమ్మా, గీ లారీల సప్పుడుకు నా మాట నాకే ఇనబడదు. నీ బిడ్డకేం ఇనబడ్తది?" అన్నాడు. ఉన్నమాట చెప్పినందుకు దండం పెట్టి బయటికొచ్చాను.

సంగారెడ్డి బస్సు కోసం అరగంట నిలబడ్డాం. టికెట్లు ఇద్దరికీ కలిపి రూపాయి లోపే. రెండో బడి ఊరి చివర కొత్త బిల్డింగు. బెంచీలున్నాయి, గోడకు దేశపటం ఉంది. నాకు ఆశ పుట్టింది. సారు బోర్డు వైపు తిరిగి లెక్క రాస్తూ సుజాతను జవాబు అడిగాడు. ఆయన పెదవులు కనిపించక అది కదలలేదు. "రెండోదాంట్ల ఏస్కుంటం. మూడుకు పనికిరాదు" అన్నాడు. చెవి సంగతి చెప్పాను. "గింతమందిల ఒక్కదాని కోసం నేనేం జెయ్యాలె?" అన్నాడు. ఆయన ముఖం చూసి సుజాతకు అర్థమైనట్టుంది, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

బస్టాండు పక్కన చాయ్ హోటల్ నడిపే ఆమె మమ్మల్ని చూసి, "ఏందక్కా, గంత పరేషాన్‌ల ఉన్నవ్?" అని అడిగింది. చెప్పాను. "పటాన్‌చెరు బస్సే ఎక్కి, నడుమ కంది ఊరి కాడ దిగి పొలాల దిక్కు నడువుండ్రి. ఆడ ఒక్కతే పంతులమ్మ ఉంటది. జెర చూసిపోరాదూ!" అంది.

దిగాక మైలున్నర నడక. రెండు గదుల పెంకుల బడి, అయిదు తరగతులకు ఒక్క పంతులమ్మ. ఇందరిలో నా పిల్లనెవరు పట్టించుకుంటారనుకున్నాను. వరండాలో ఆమెతో మాట్లాడుతూ వెనక్కి తిరిగితే సుజాత లేదు.

బడి వెనకే గోడ లేని బావి. పిలిచినా దానికి వినపడదు. ఎవరైనా అరిచి ఆపబోయినా వినపడదు. పంతులమ్మ బండ్లబాట వైపు, నేను బావి వైపు పరుగెత్తాం. వంగి చూశాను. నీళ్లు కదలకుండా ఉన్నాయి.

అప్పుడు రెండో గదిలోంచి పెద్దగా, దాదాపు అరుస్తున్నట్టు ఒక గొంతు వినిపించింది. సుజాత ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చుని వాచకం చదివి వినిపిస్తోంది! తన గొంతు తనకు వినపడక అంత గట్టిగా చదువుతోంది. "ఇంకోసారి సదువక్కా" అంటూ ఒక చిన్నపిల్ల దాని ముఖాన్ని తనవైపు తిప్పుకుంది. సిగ్గేసి నేను ఆపబోతే, రొప్పుతూ వచ్చిన పంతులమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆపకమ్మా. నేను ఆ గదిలున్నప్పుడు వీళ్లకు సదివేటోళ్లు లేరు. నాకు గసుంటి గొంతే గావాలె."

కందిలోనే ఇల్లు తీసుకున్నాం. ఆయనకు సైకిలు దూరం పెరిగింది. మొదటి నెలంతా రోజూ మధ్యాహ్నం వెళ్లి కిటికీలోంచి తొంగిచూసి వచ్చేదాన్ని. సుజాత అయిదో తరగతి దాకా అక్కడే చదివింది. అన్నిట్లో ముందుండేదని చెప్పను, మాట్లాడటం మాత్రం మానలేదు. ఆ రోజు నేను బెంచీలు, గోడలు పోల్చి చూస్తూ తిరిగాను. నా పిల్ల అక్కడ ఎవరికి కావాలో అడగాలని నాకు తోచలేదు. బళ్లు చూడబోయేవాళ్లకు ఒక్క మాట: పాఠం జరిగే వేళకు వెళ్లి, అడిగి, చివరి వరుసలో పావుగంట కూర్చోండి. అక్కడికి ఏం వినిపిస్తుందో వినండి.