ఇప్పనూనెతో నడిచిన బండి

పోయిన ఆదివారం టెలిఫోన్ బూత్ అతను పరుగున వచ్చి నన్ను పిలిచాడు. ఫోన్‌లో మా అక్క. "మీ బావ పోయిండే" అంది.

బావ చండ్రుగొండ దగ్గర మిరపతోట చేసే రైతు. మాటల మధ్యలో ఆగిపోయి బావి మోటారు వైపో, దగ్గుతున్న దూడ వైపో చెవి పెట్టేవాడు. మోటారు చెడితే పానా పట్టేముందు కాసేపు ఊరికే నిలబడేవాడు. "ముందు వినాలె, తర్వాత విప్పాలె" అనేవాడు. "నా మాటొక్కటే వినబడదు" అని అక్క దెప్పేది.

నాకు పెళ్లి కాకముందు, ఎనభైల్లో, వాళ్ల తోటలో కాయ కోస్తుంటే నన్ను నాగుపాము కరిచింది. కొత్తగూడెం బస్సు అప్పుడే వెళ్లిపోయింది. బావ నా కాలికి తువ్వాలు కట్టి, మోటార్‌సైకిల్ మీద నన్ను నడుమ కూర్చోబెట్టాడు. వెనక అక్క నన్ను గట్టిగా పట్టుకుంది.

అడవిలోకి వచ్చేసరికి నా రెప్పలు వాలిపోతున్నాయి. నాలుక మొద్దుబారింది. చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. అందుకే ఆ చప్పుడు నాకూ వినిపించింది. ఇంజన్ మోత లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టక్, టక్. బావ వీపు బిగుసుకుంది.

దారి పల్లానికి దిగింది. బావ ఇంజన్ ఆపేసి బండిని దొర్లనిచ్చాడు. చప్పుడు పోయింది.

"చక్రం కాదు, చైన్ కాదు. ఇంజన్లనే ఉంది" అంటూ పల్లం చివర నాలుగు గుడిసెల ముందు బండి నిలిపాడు.

"పిల్ల సచ్చేటట్టుంది! ఇప్పుడు బండి ఆపుతవేందయ్యా?" అక్క అరిచింది.

"ఆపకుంటే ముందర ఇంజన్ పట్టేస్తది. గక్కడ మనిషి గూడ దొరకడు. జర నోరు మూసుకో, విననియ్యి."

బండి మళ్లీ స్టార్ట్ చేశాడు. ఒక పుల్ల తీసుకుని ఒక కొన ఇంజన్‌కూ, ఇంకో కొన చెవికీ ఆనించాడు. పైన పెట్టి విన్నాడు. కింద పెట్టి విన్నాడు. అక్క ఒళ్లో ఉన్న నాకు ఊపిరి భారమవుతోంది. "పిల్లా, కండ్లు మూయకు" అన్నాడు, నా వైపు చూడకుండానే. ఇంజన్ ఆపి, పుల్లను ఆయిల్ పోసే చోట ముంచి తీశాడు. పొడిగా వచ్చింది. అడుగున బోల్టు వదులై ఆయిలంతా దారిలో కారిపోయింది.

బోల్టుకు గుడ్డపేలిక చుట్టి బిగిస్తూ, బయటికొచ్చిన ముసలామెను అడిగాడు. "అవ్వా, నూనె ఉందా? ఏదైనా సరే."

"ఇప్పనూనె ఉన్నది బిడ్డా. కూరలకు పోస్తం."

"గదే తే అవ్వా. జల్దీ."

ఆమె సొరబుర్రతో తెచ్చిన నూనెంతా ఇంజన్‌లో పోశాడు. కిక్ కొట్టాడు. టక్ టక్ తగ్గిందే కానీ ఆగలేదు. పరుగెత్తిస్తే ఇంజన్ పోతుంది, మెల్లగా పోతే నేను పోతాను. ఆ రెండింటి మధ్య ఎక్కడో బావ బండిని పట్టి ఉంచాడు. కాలుతున్న ఇప్పనూనె వాసన నాకు గుర్తుంది. తర్వాత ఏమీ గుర్తులేదు.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని దవాఖానాలో అన్నారట. నాకు పెళ్లయి, పిల్లలు పుట్టాక కూడా ఆ రోజు సంగతి ఎత్తితే బావ లేచిపోయేవాడు. "ఇడువు గా ముచ్చట" అనేవాడు. తనకు నేను చేతులెత్తి దండం పెట్టే అవకాశం ఆయన ఎప్పుడూ ఇవ్వలేదు.

పాము కరిచిన మర్నాడు దవాఖానాలో నేను కళ్లు తెరిచినప్పుడు అక్క ఏడుస్తూ వరండాలోకి పరుగెత్తింది. కిటికీలోంచి మెట్ల మీద కూర్చున్న బావ కనిపించాడు. అక్క ఏదో చెప్పింది. ఎవరో ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టారు. దారంతా హ్యాండిల్ వదలని ఆ నల్లటి చేతులు ఇప్పుడు ఒణుకుతున్నాయి. రెండు చేతులతో పట్టుకున్నా గ్లాసు నిలవడం లేదు. టీ ఒలికి వేళ్ల మీదుగా కారుతోంది. ఆయన తుడుచుకోవడం లేదు.